ఆక్రాకు బయల్దేరుతున్న తమ్ముడికి, మరదలికి

ప్రభువునందు ప్రియమైన తమ్ముడూ, మరదలా,

వందనాలు. పశ్చిమాఫ్రికాలోని ఘనా రాజధాని ఆక్రాలో పద్దెనిమిది నెలల సేవకు పిలుపు వచ్చిందని తెలిసి ఎంతో సంతోషించాం. పెట్టెలు సర్దే ముందే ఒక మాట. ఆరున్నరకు లేచి పదిన్నరకు పడుకునే లెక్క కుర్ర మిషనరీలది. మన క్రైస్తవ సంఘం, అదే కడవరి దిన పరిశుద్ధుల సంఘం, మన వయసు దంపతులకు ఆ కట్టుబాటు పెట్టలేదు. వాళ్లతో సమానంగా పరుగెత్తబోతే నెల తిరక్కుండానే మంచం పడతారు. ముందు ఇల్లు, ఒళ్లు కుదుటపడనివ్వండి. సేవ ఆ తర్వాతే నిలబడుతుంది.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి. హైదరాబాదులో నారాయణగూడలోని ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ ఐపీఎంలో వేస్తారు. అరవై దాటాక మొదటిసారి వేయించుకుంటే అరుదుగా ప్రాణం మీదికి వచ్చే ఇబ్బందులుంటాయి, అందుకని పాత జబ్బుల కాగితాలన్నీ డాక్టరుకు చూపించాకే వేయించుకోండి. టీకా వేశాక ఇచ్చే పసుపుపచ్చ కార్డు జీవితాంతం చెల్లుతుంది. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచేస్తారు. పాస్‌పోర్టుతోపాటే పెట్టుకోండి.

మలేరియా మాత్ర ఏదన్నది డాక్టరే తేల్చాలి. డాక్సీసైక్లిన్ రాస్తే రోజుకు 100 మిల్లీగ్రాములు, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు. మింగిన వెంటనే నడుం వాలిస్తే ఆహారనాళంలో పుండు పడొచ్చు. రాత్రి భోజనంతో, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంటైనా కూర్చోండి. దానివల్ల ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది కూడా, గొడుగు లేనిదే గడప దాటొద్దు. మాత్రలు వేసుకుంటున్నాం కదా అని ధీమా పడొద్దు. జ్వరం తగిలితే పారాసెటమాల్‌తో సరిపెట్టకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. బీపీ, షుగర్ మందులు చేతిసంచిలోనే ఉండాలి. చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి, అక్కడ మన కంపెనీ పేర్లు చెబితే అర్థం కాకపోవచ్చు.

కరెంటు మనలాగే 230 వోల్టులు, ప్లగ్గు మాత్రం మూడు పలక పిన్నులది. మిక్సీకి అడాప్టరు కావాలి. ప్రీపెయిడ్ మీటరైతే శనివారమే బ్యాలెన్సు ఎంత మిగిలిందో చూసుకోండి, ఆదివారం ఆరాధనకు బయల్దేరే వేళ ఆగిపోతే ఇబ్బంది. నీళ్లు తెర్లి ఒక నిమిషం మరిగాకే తాగండి. ఇడ్లీ పిండి ఆ ఉక్కలో రాత్రంతా బయట ఉంచితే పులిసి పొంగిపోతుంది. పడుకునేముందు ఒకసారి చూసి, పొంగితే ఫ్రిజ్‌లోకి మార్చేయండి. బెండకాయ, వంకాయ, టమాటా దేనికీ లోటు లేదు. 'కొంటొమిరే' అని అమ్మే ఆకు మన చేమాకుకు చుట్టమే. సరిగ్గా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుంది. మెత్తగా ఉడికించి చింతపండు పులుసు పోస్తే మన ఇంటి కూరే. ఇంగువ, ఎండబెట్టిన కరివేపాకు ఇక్కణ్ణుంచే పట్టుకెళ్లండి. కాఫీ, టీ సంఘం నియమం ప్రకారం మనకెలాగూ లేవు, పాలలో కలుపుకునే మిలో పొడి అక్కడ ఏ కొట్లో అయినా దొరుకుతుంది.

ఉపవాస ఆదివారం సంగతి: షుగర్ మందులు వాడే మీరు రెండు పూటలు మానొద్దు. ఆరోగ్యం ఒప్పనివాళ్లకు ఆ నియమం లేదు.

ఇక పని. అక్కడివాళ్లు కొత్త విశ్వాసులు కారు. 1978లో మిషనరీలు అడుగుపెట్టక ముందే ఏళ్ల తరబడి తమంతట తాము కూడుకుని ప్రార్థించుకున్న పెద్దలున్న నేల అది. 1989 జూన్ నుంచి 1990 నవంబరు దాకా ప్రభుత్వం సంఘం కార్యకలాపాలను ఆపేసినప్పుడు ఇళ్లలోనే ఆరాధన నిలబెట్టుకున్నారు. నేర్పడానికి వెళ్తున్నామనుకునే ముందు వాళ్లు చెప్పేది వినండి. బ్రాంచి, అంటే అక్కడి చిన్న స్థానిక సంఘం, గుమాస్తా రికార్డులు ఎక్కించేటప్పుడు మీరు పక్కన కూర్చోండి, మౌసు మాత్రం ముట్టుకోవద్దు. మీరైతే పది నిమిషాల్లో ముగిస్తారు, అతనికి గంట పడుతుంది. ఆ గంట ఓపిక పట్టకపోతే మీరు విమానమెక్కిన మర్నాడే రికార్డు ఆగిపోతుంది. దశమభాగం కవర్లు ఇద్దరు కలిసి లెక్కించే పద్ధతి. ఎంత ఆలస్యమైనా ఒక్కరు లెక్కించడానికి మీరు ఒప్పుకోవద్దు, అది వాళ్ల మంచిపేరును కాపాడేది.

ఎవరింటికి వెళ్లినా ముందు పలకరింపు, తర్వాతే పని. గుంపులో అయితే మీ కుడివైపు నుంచి మొదలుపెట్టి అందరికీ చేయివ్వాలి. ఎడమచేత్తో ఏదీ ఇవ్వకూడదు, అది మనకూ అలవాటే. 'మెడాసే' అంటే కృతజ్ఞతలు. ఆ ఒక్క మాట వచ్చినా ముఖాలు విప్పారతాయి.

నలభై ఏళ్ల కాపురమైనా ఇరవై నాలుగ్గంటలూ ఒకే గదిలో, ఒకే పనిలో ఉండటం మీకు కొత్త. తమ్ముడూ, వారానికి ఒక పూట వంట నువ్వు చెయ్యి. మరదలా, సోమవారం సాయంత్రం సంఘంలోని స్త్రీల సమాజమైన రిలీఫ్ సొసైటీ అక్కలతో నువ్వు బజారుకెళ్లు, అతన్ని ఇంట్లో వదిలెయ్. మాట పట్టింపు వస్తే కుర్ర మిషనరీలు భోజనానికి వచ్చేలోపే తేల్చుకోండి. వాళ్లు మీలో తమ అమ్మానాన్నలను చూసుకుంటారు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హర్మట్టాన్ అనే దుమ్ముగాలి వీస్తుంది. పెదవులు పగులుతాయి, దగ్గు పట్టుకుంటుంది. వాజిలీను డబ్బా, ముక్కుకు గుడ్డ దగ్గరుంచుకోండి.

ఇక్కడి రాత్రి తొమ్మిది అక్కడి మధ్యాహ్నం మూడున్నర. ఆదివారం ఆరాధన ముగిశాక మనవలతో మాట్లాడటానికి ఆ వేళ బాగా కుదురుతుంది. మాతోనూ అప్పుడే మాట్లాడండి.

మీ అన్న, వదిన