కొత్తగా నేర్చుకునేవాడు ఏ బేస్ గిటార్ కొనాలి? నాలుగు తీగలదా, ఐదు తీగలదా?

ఇదే అడుగుతూ నాకు రాసిన మీరు, చేతిలో ఇరవై వేలు ఉన్నాయన్నారు. ఆన్‌లైన్‌లో ఐదు తీగల యాక్టివ్ (లోపల బ్యాటరీ ఉండే) బేస్ ఒకటి కంటికి నచ్చిందని, ఫోన్‌లో దాని రివ్యూలు కూడా విన్నానని అన్నారు. కొనెయ్యమంటారా అని అడిగారు. వద్దండి. ఎందుకు వద్దో చెప్పాలంటే మా వీధి గణేశ్ పూజ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. అయినా విశాఖపట్నంలో ఏ దుకాణానికి వెళ్లినా "ఒడిశా అంటున్నారు, తెలుగు భలే మాట్లాడుతున్నారే" అంటారు. ఆ మెచ్చుకోలుకి ఏం జవాబు చెప్పాలో నాకు ఈ రోజుకీ తోచదు. సరే, 2013లో చీటీ పాడి, ఆ డబ్బుతో విశాఖ వెళ్లి, పద్దెనిమిది వేలు పోసి ఒక బేస్ తెచ్చుకున్నాను. తేనె రంగు మీద పులిచారలు, ఐదు తీగలు, తిప్పడానికి ఐదు నాబ్‌లు. దుకాణంలో స్టూలు మీద కూర్చుని రెండు నిమిషాలు వాయించాను. నిలబడి భుజాన వేసుకుని చూడాలన్న బుద్ధి పుట్టలేదు. గుణుపురం పాసింజరులో దాన్ని పసిపిల్లాడిలా ఒళ్లో పెట్టుకుని ఊరు చేరాను.

ఆ భాద్రపదంలోనే మా పందిట్లో మెలోడీ. మా వైపు ఆర్కెస్ట్రాని మెలోడీ అంటారు. ఒక పాట ఒడియాలో, ఒకటి తెలుగులో, మధ్యలో కుర్రాళ్లు అరిచినప్పుడల్లా హిందీలో. యాక్టివ్ బేస్ లోపల చిన్న ప్రీయాంప్ (శబ్దాన్ని పెంచే సర్క్యూట్) ఉంటుంది, దానికి తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ వెయ్యాలి. జాక్‌లో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ, మీరు వాయించినా పడుకున్నా, అది ఖర్చవుతూనే ఉంటుంది. ఈ ముక్క దుకాణంలో నాకెవరూ చెప్పలేదు. రిహార్సల్ గదిలో పది రోజులపాటు కేబుల్ తీయకుండా గోడకి ఆనించి ఉంచాను. అందులో ఉన్నది దుకాణంలో వేసిచ్చిన బ్యాటరీయే, అక్కడ ఎన్నాళ్లుగా ఉందో ఏమో.

మూడో పాట పల్లవిలో శబ్దం గరగరలాడింది. చరణానికి వచ్చేసరికి సన్నబడింది. రెండో చరణంలో అసలు లేదు. నా వేళ్లు తీగల మీద ఆడుతూనే ఉన్నాయి, స్పీకరు పెట్టెలోంచి మాత్రం ఏమీ రావడం లేదు. డ్రమ్స్ వాయించేవాడు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. విచిత్రం ఏమిటంటే, జనంలో ఒక్కరికీ బేస్ ఆగిపోయిందని తెలియలేదు. కానీ ముందు వరసలో గెంతుతున్న కుర్రాళ్లు మెల్లగా కూర్చుండిపోయారు. నా చేతిలో ఉన్నది చూసి "ఒక తీగ తక్కువున్న గిటారేటి" అని ఎప్పుడూ ఎగతాళి చేసే మా చిన్నాన్న స్టేజి పక్కకొచ్చి, "ఏటయిందిరా, పాట నీరసపడిపోనాది" అన్నాడు. బేస్ అంటే ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే ఆ మాటే చెబుతాను.

రాత్రి పదిన్నర. కొట్లన్నీ మూసేశారు. గోడ గడియారాల బ్యాటరీలు పనికిరావు. అప్పుడు సీరియల్ లైట్లు కట్టిన ఎలక్ట్రీషియన్ భైనా (ఒడియాలో అన్నయ్య) తన మల్టీమీటర్ బోర్లా తిప్పి, స్క్రూలు విప్పి, అందులోని బ్యాటరీ తీసి నా చేతిలో పెట్టాడు. పొద్దున్న ఏడింటికల్లా మా గుమ్మంలో నిలబడి వెనక్కి తీసుకుపోయాడు కూడా. ఇప్పటికీ బజార్లో కనిపిస్తే "బ్యాటరీ ఉందా?" అనే పలకరిస్తాడు.

అందుకని మొదటి బేస్ పాసివ్‌దే, అంటే బ్యాటరీ అక్కర్లేనిదే కొనండి. యాక్టివ్‌వన్నీ చెడ్డవని కాదు. కొన్నింటికి బ్యాటరీ పోయినా మోగేలా స్విచ్ ఉంటుంది, నాదానికి లేదు. ఇక ఐదో తీగ సంగతి. ఆ లావుపాటి బి తీగ 31 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 31 సార్లు అదురుతూ మోగుతుంది. మా ఊళ్లో ఎవరి పెట్టెలోంచీ అది నోటుగా వినబడలేదు, కిటికీ రెక్కలు మాత్రం అదిరాయి. రెండేళ్లలో ఆ తీగని నేను వాడింది బొటనవేలు ఆనించుకోవడానికే. ఫెండర్ కంపెనీ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు నాలుగే తీగలు, ఒకటే పికప్ (తీగల అదురుని పట్టి కరెంటుగా మార్చే ముక్క). అంతకుముందు నిలువెత్తు డబుల్ బేస్ (పెద్ద వయొలిన్ లాంటిది) మీద నోటు ఎక్కడుందో చెవితో వెతుక్కోవాల్సిందే; దీనికి ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు) పెట్టడంతో నోటు కచ్చితంగా పడింది, ఆ పేరు అందుకే. ఇన్నేళ్లుగా ప్రపంచంలో వచ్చిన పాటల్లో ముప్పాతిక మువ్వీసం ఆ నాలుగు తీగల మీదే నడిచాయి. మీ వీధి మెలోడీకి చాలవా?

1960లో వచ్చిన జాజ్ బేస్ తరహాది కూడా మంచిదే. నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర నెక్, అంటే మెడ, ఒకటిన్నర అంగుళం వెడల్పే, చిన్న చేతులవాళ్లకి హాయి. కాకపోతే దాని రెండు పికప్‌లలో ఒకదాన్ని తగ్గించారంటే కరెంటు గుంయ్‌మని వినిపిస్తుంది. మా వీధుల్లో ఎర్తింగ్ అంటే స్విచ్చుబోర్డు మీద మూడో కన్నం మాత్రమే, లోపల తీగ ఉండదు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఇ తీగ మీద మూడో ఫ్రెట్ జి నోటు 49. అంటే గాయకుడు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా మన బేస్ ఆ గుంయ్‌తో పక్కన కూర్చుని జి పాడుతూ ఉంటుంది. ఆ ఎర్తింగ్ లేకే మైకుకి పెదవి తగిలి షాక్ కొట్టించుకున్న గాయకులు మా దగ్గర చాలామందే ఉన్నారు. పందిరికి లక్షలు వసూలు చేస్తారు, ఒక ఎర్త్ తీగకి డబ్బుండదు.

నా రెండో బేస్ బరంపురంలో మెలోడీ మానేసిన ఒక పెద్దాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ప్రెసిషన్ తరహా, ఎనిమిది వేలు. ఎలా చూడాలో ఆయనే నేర్పారు. ముందు బెల్టు వేసి పావుగంట నిలబెట్టారు. బేస్ నాలుగు కిలోల దాకా తూగుతుంది, తల బరువెక్కువైతే నెక్ కిందికి వాలిపోయి ఎడమ చెయ్యంతా దాన్ని మొయ్యడానికే సరిపోతుంది. తర్వాత తుపాకీ గురిపెట్టినట్టు కన్ను పెట్టి నెక్ పొడుగునా చూడమన్నారు. కొంచెం వంగి ఉంటే ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనప కడ్డీ) తిప్పి సరిచెయ్యొచ్చు, మెలి తిరిగి ఉంటే వదిలెయ్యమన్నారు. ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కించారు. అరగంట పట్టింది, మధ్యలో టీ వచ్చింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కితే ఖాళీ (ఎక్కడా నొక్కకుండా మీటిన) తీగకి సరిగ్గా పైస్థాయి పలకాలి. నాబ్‌లు గరగరలాడితే భయపడక్కర్లేదు, పదీ ఇరవై రూపాయల పని.

ఫోన్‌లో రివ్యూలు విని టోన్ బాగుందని తేల్చుకున్నట్టున్నారు. ఇ తీగ 41 హెర్ట్జ్. గోరంత ఫోన్ స్పీకరు దాన్ని పలికించలేదు, మీరు విన్నది దానితోపాటు మోగే పైస్వరాలు మాత్రమే.

ఇరవై వేలూ బేస్‌కే పోసెయ్యకండి. ఆరేడు వేలు చిన్న బేస్ ఆంప్‌కి (సౌండ్ పెంచే స్పీకరు పెట్టెకి) అట్టేపెట్టండి. స్నేహితుడి గిటార్ ఆంప్ ఉంది కదా అని అందులో గుచ్చి సౌండ్ పెంచితే స్పీకర్ కోను చిరుగుతుంది. నేను చింపాను, ఆ స్నేహితుడు తర్వాత నాతో మాట్లాడటానికి ఆర్నెల్లు పట్టింది.

ఆన్‌లైన్ గురించి కూడా అడిగారు. మా పిన్‌కోడ్ కొట్టగానే "ఈ వస్తువు మీ ప్రాంతానికి రాదు" అంటుంది, కాబట్టి నాకు ఆ బాధ లేదు. మీరు విశాఖలోనో బరంపురంలోనో కొనేట్టయితే ఒక వాయిద్యగాడిని వెంటబెట్టుకు వెళ్లండి. తోడెవరూ దొరక్కపోతే కామెంట్‌లో రాయండి, ఆదివారం అయితే నేనొస్తాను.