మూడేళ్ల పాప, ఏడాది దాటిన బాబుతో క్రూజ్ వెళ్లొచ్చా?

డాలస్‌లో ఉంటున్నామని, ఇండియా నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారని, పాపకు మూడేళ్లు, బాబుకు 14 నెలలని రాశారు. టెక్సస్ రేవు గాల్వెస్టన్ నుంచి మెక్సికో వెళ్లొచ్చే క్రూజ్ చూస్తున్నారు గానీ, ఇంత చిన్నపిల్లలతో వెళ్తే సరదా మాట దేవుడెరుగు, ఉన్న ఓపిక కూడా పోతుందేమోనని మీ భయం. మేమూ డాలస్ నుంచే, మా అత్తయ్యగారు, మామయ్యగారు, పాపతో, అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న బాబును చంకనేసుకుని వెళ్లాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నన్నడిగితే తప్పకుండా వెళ్లండి. చంటిపిల్లల తల్లికి వంట, గిన్నెలు, పూటపూటా పెట్టెలు సర్దే పని లేని సెలవు దొరకడం కష్టం. కాకపోతే ఓడనూ గదినీ ఎంచుకునేటప్పుడు అందరికంటే చిన్నవాణ్ని మనసులో పెట్టుకుని ఎంచుకోండి. వాటర్ స్లైడ్లు, షోలు చూసి మురిసిపోయి బుక్ చేస్తే, బాబు ఏడుస్తుంటే అవేవీ చూసే వీలుండదు. వాడు వేళకు నిద్రపోయి, కడుపునిండా తిని, కాసేపు నీళ్లలో ఆడుకుంటే మిగతా అయిదుగురూ హాయిగా ఉంటారు.

ముందు కాగితాలు. చాలా కంపెనీలు ఆరు నెలలు నిండిన పిల్లలను ఎక్కనిస్తాయి, మరీ దూరం వెళ్లే ఓడలకైతే ఏడాది నిండాలి. ఎలా చూసినా మీ బాబుకు ఇబ్బంది లేదు. పిల్లలు ఇక్కడే పుట్టి ఉంటే, బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే క్రూజ్ కాబట్టి బర్త్ సర్టిఫికెట్ చూపించినా సరిపోతుంది. అయినా పాస్‌పోర్టులు చేయించి పట్టుకెళ్లండి. ఎవరికైనా ఒంట్లో బాగోలేక మధ్యలో దిగి విమానంలో రావాల్సి వస్తే బర్త్ సర్టిఫికెట్ పనికిరాదు.

అసలు జాగ్రత్తగా చూసుకోవాల్సింది మీ ఇద్దరి వీసా. పాస్‌పోర్టులో వేసే హెచ్1బీ ఉద్యోగ వీసా ముద్ర, అదే స్టాంపింగ్, గడువు దాటిపోయి, అప్రూవల్ కాగితం మీదే ఉంటున్నారా? మెక్సికో, కెనడాలకు 30 రోజుల లోపు వెళ్లొస్తే, గడువు దాటిన వీసాతోనే తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. కానీ హెచ్1బీ వాళ్లకు బహామాస్, జమైకా లాంటి దీవులకు అది వర్తించదు. గాల్వెస్టన్ నుంచి వెళ్లే ఓడల్లో కొన్ని మెక్సికో రేవులైన కోజుమెల్, కోస్టా మాయాతో పాటు హోండురాస్‌లో ఉన్న రోవాటాన్‌లో కూడా ఆగుతాయి. ఆ ఒక్క రేవు ఉన్నా ఆ వెసులుబాటు మీకు పనిచేయదు. పైగా భారతీయులను మెక్సికో వేరే వీసా అడక్కుండా రానిచ్చేది గడువున్న అమెరికా వీసా చూసే. కాబట్టి స్టాంపింగ్ గడువులో లేకపోతే, మెక్సికో మాత్రమే ఉన్న ట్రిప్ అయినా, మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌నీ క్రూజ్ కంపెనీనీ ఇద్దరినీ అడిగాకే డబ్బు కట్టండి. పెద్దవాళ్ల విజిటర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. మనవాళ్లకు మామూలుగా ఇచ్చే పదేళ్ల వీసా అదే, అయినా ఒకసారి తీసి చూడండి.

ఇక నీళ్ల సంగతి. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఎక్కువగా దిగాలు పడేది ఇక్కడే. అమెరికా రేవుల నుంచి తిరిగే ఓడలకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ నిబంధనలు ఉంటాయి. డైపర్ వేసుకునే పిల్లలను స్విమ్మింగ్ పూల్‌లోకీ హాట్ టబ్‌లోకీ దిగనివ్వరు. స్విమ్ డైపర్ వేసినా అంతే. మేం ఓడెక్కిన రోజు మధ్యాహ్నమే ఒకావిడ ఏడాది బాబుకు కొత్త ఈత బట్టలు, టోపీ, స్విమ్ డైపర్ అన్నీ తొడిగి పూల్ మెట్ల దాకా తెచ్చింది. అక్కడున్న సిబ్బంది అబ్బాయి మర్యాదగానే ఆపేశాడు. డైపర్ ప్యాకెట్ మీద రాసింది చూపించినా ఒప్పుకోలేదు. ఆ బాబు నీళ్లకేసి చేతులు చాపి ఒకటే ఏడుపు. కొన్ని ఓడల్లో డైపర్ పిల్లల కోసమే విడిగా చిన్న స్ప్లాష్ జోన్ ఉంటుంది. డిస్నీ ఓడల్లో ఉంది, రాయల్ కరీబియన్ పెద్ద ఓడలు కొన్నిటిలో ఉంది. మీరు చూస్తున్న ఓడ పేరు చెప్పి, ‘డైపర్ పిల్లలకు నీళ్లలో ఆడే చోటు ఉందా’ అని ఫోన్ చేసి అడగండి. కంపెనీ పేరొక్కటే చూసి నమ్మొద్దు, ఒకే కంపెనీలో ఓడకూ ఓడకూ తేడా ఉంటుంది. అలాంటి చోటు లేని ఓడైతే గాలి ఊదే చిన్న టబ్ ఒకటి పెట్టెలో పెట్టుకెళ్లండి. బాల్కనీలోనో బాత్రూమ్‌లోనో నాలుగు మగ్గుల నీళ్లు పోస్తే ఆ వయసు పిల్లలకు అదే చాలు.

పాప విషయానికొస్తే, ఓడలో పిల్లలను చూసుకుంటూ ఆడించే కిడ్స్ క్లబ్ మీకు పెద్ద ఆసరా. రాయల్ కరీబియన్‌లో మూడేళ్లు నిండి, డైపర్ మానేసిన పిల్లలను తీసుకుంటారు. కార్నివాల్‌లో రెండేళ్ల నుంచే తీసుకుంటారు, డైపర్ ఉన్నా పర్వాలేదు. పగటిపూట దీనికి విడిగా డబ్బు ఉండదు. బాబు వయసు వాళ్లకైతే కొన్ని ఓడల్లో గంటకింత అని తీసుకునే నర్సరీ ఉంటుంది. చోట్లు తక్కువ కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. ఓడెక్కిన రోజు క్లబ్ తలుపులు తల్లిదండ్రులకు కూడా తెరిచి ఉంచుతారు. ఆ పూట మీరూ పాపతో కలిసి కింద కూర్చుని అరగంట ఆడండి. మా పాప ఆ రోజు నా చున్నీ కొస వదలకుండా బొమ్మలన్నీ చూసుకుంది, మర్నాడు తనే ముందు నడిచింది. పేర్లు రాయించేటప్పుడు పాపను తీసుకెళ్లేవాళ్ల జాబితాలో తాతయ్య, నానమ్మల పేర్లు కూడా చేర్పించండి, లేకపోతే వాళ్లు వెళ్లినా పంపరు.

గది విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. ఆరుగురు ఒకే గదిలో సర్దుకుందామని చూడకండి. మధ్యలో తలుపున్న రెండు గదులు తీసుకోండి, కనెక్టింగ్ రూమ్స్ అని అడిగితే ఇస్తారు. అవి త్వరగా అయిపోతాయి, అందుకే ముందే అడగాలి. ఒకటి కిటికీ లేని ఇన్‌సైడ్ గది అయినా ఫరవాలేదు. మధ్యాహ్నం రెండింటికి కూడా అర్ధరాత్రి చీకటి ఉంటుంది, పిల్లల నిద్రకు అంతకంటే ఏం కావాలి? అయితే రాత్రి పాప బాత్రూమ్‌కి లేస్తే ఏమీ కనబడదు, చిన్న నైట్ లైట్ ఒకటి పట్టుకెళ్లండి. వీలైతే ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో తీసుకోండి, అక్కడ ఊగడం తక్కువ. చంటిపిల్లల తొట్టె అడిగితే ఉచితంగానే ఇస్తారు, బుక్ చేసేటప్పుడే చెప్పాలి. అది పరిచాక గదిలో కాలు పెట్టే చోటుండదు, కాబట్టి పెట్టెలన్నీ మంచం కిందికి తోసేయాలి. గోడలు ఇనుపవి కాబట్టి అయస్కాంతపు కొక్కేలు అతుక్కుంటాయి. తడి బట్టలు, టోపీలు, డైపర్ సంచీ అన్నీ వాటికే తగిలించాం.

బాల్కనీ గది తీసుకుంటే తలుపు పైగడియ ఎప్పుడూ వేసి ఉంచండి. కుర్చీలను, బల్లను రెయిలింగ్‌కు దూరంగా జరపండి. పెద్దవాళ్లు లేకుండా పిల్లలను అక్కడ ఒక్క నిమిషం కూడా వదలకండి. పూల్ దగ్గర కూడా అంతే. కొన్ని కంపెనీల ఓడల్లో లైఫ్‌గార్డులు ఉండరు. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు చాలా ఓడల్లో ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకుని వేయండి.

స్నానం గురించి ఎవరూ చెప్పరు గానీ మన పిల్లలకు అదో పెద్ద విషయం. మామూలు గదుల్లో టబ్ ఉండదు, ఇద్దరు పట్టని షవర్ ఉంటుంది. పైనుంచి పడే నీళ్లకు మా బాబు బెదిరిపోయాడు. మా అత్తయ్యగారు మడతపెట్టే బకెట్, ప్లాస్టిక్ మగ్గు తెచ్చారు. చిన్న పీట లాంటిది లేదు కాబట్టి ఆవిడ మంచం అంచున కూర్చుని తువ్వాలు పరుచుకుని సిద్ధంగా ఉంటే, నేను లోపల వాణ్ని కాళ్ల మీద కూర్చోబెట్టుకుని నీళ్లు పోసేదాన్ని. ఇంట్లో పోసినట్టే ఉండేసరికి ఏడుపు లేదు. ఆ బకెట్టూ మగ్గూ తప్పకుండా పట్టుకెళ్లండి.

తిండికి మీ అత్తయ్యగారు, మామయ్యగారు శాకాహారులైనా బెంగ వద్దు. మొదటి రాత్రి డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌ను పిలిచి ఇండియన్ వెజిటేరియన్ కావాలని చెప్పండి. రాయల్ కరీబియన్, కార్నివాల్ రెండింట్లోనూ చెప్తే రోజూ రాత్రి చేసి పెడతారు. పప్పు, ఓ కూర, అన్నం ఉంటాయి. కారం మాత్రం మన స్థాయికి తక్కువ. ఓడల్లో మన దేశం సిబ్బంది చాలామంది ఉంటారు, మా బల్లకు వచ్చిన కేరళ కుర్రాడు మామయ్యగారికి రోజూ పచ్చిమిరపకాయలు చీల్చి గిన్నెలో తెచ్చిపెట్టేవాడు. పిల్లలకు ఉదయం బఫేలో ప్లెయిన్ యోగర్ట్ ఉంటుంది, తెల్లన్నం మధ్యాహ్నం దొరుకుతుంది. ఒక కప్పు పెరుగు పక్కన పెట్టుకుంటే పెరుగన్నం అయిపోయినట్టే. రాత్రికి పాలు కావాలంటే పడుకునే ముందే తెచ్చుకోండి, గదిలో ఉండే ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు.

రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె తీసుకెళ్లొద్దు. నిప్పు భయంతో చెకింగ్‌లోనే తీసుకుని, దిగేటప్పుడు ఇస్తారు. ఇంట్లో వండిన పులిహోర, చపాతీలు కూడా లోపలికి రానివ్వరు. సీల్ తీయని ప్యాకెట్లు, బేబీ ఫుడ్ అయితే అభ్యంతరం ఉండదు. వేడినీళ్లు పోస్తే తయారయ్యే ఉప్మా, పోహా కప్పులు మాకు బాగా ఉపయోగపడ్డాయి. వేడినీళ్లు బఫేలో ఎప్పుడూ ఉంటాయి. ఓడ నుంచి రేవులోకి దిగేటప్పుడు పళ్లు, తినే వస్తువులు సంచిలో ఉంచుకోకండి.

కడుపులో తిప్పడం చిన్నవాడికి కాదు, పాపకే రావచ్చు. రెండేళ్ల లోపు పిల్లలకు అది అరుదు, రెండు నుంచి పన్నెండేళ్ల వయసు వాళ్లకే ఎక్కువ. ఏ మందు ఎంత వేయాలో బయల్దేరే ముందే పిల్లల డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. జ్వరం మందు, థర్మామీటర్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు మీ దగ్గరే ఉండాలి. ఓడలో డాక్టర్ ఉంటారు గానీ ఫీజు మీ ఖాతాలో పడుతుంది, ఇక్కడి ఆరోగ్య బీమా చాలాసార్లు దాన్ని భరించదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, పెద్దవాళ్లకైతే మరీ ముఖ్యం. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ తొందరగా అంటుకుంటుంది. దానికి శానిటైజర్ సరిగా పనిచేయదు, తినే ముందు ప్రతిసారీ సబ్బుతోనే చేతులు కడిగించండి.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ఆలోచించండి. జూన్ నుంచి నవంబర్ దాకా తుఫానుల కాలం, దారి మార్చేసే అవకాశం ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిలో గాల్వెస్టన్ దగ్గర పొగమంచు పట్టి ఓడలు రేవులోకి రావడం ఆలస్యమవుతుంది, అక్కడి గల్ఫ్ సముద్రం కూడా కాస్త అల్లరిగా ఉంటుంది. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ జనం. మీ పిల్లలకు ఇంకా బడి లేదు కాబట్టి ఏప్రిల్ చివర, మే మొదట్లో చూడండి. డాలస్ నుంచి రేవు దాకా దాదాపు 290 మైళ్లు. పిల్లలతో ఆగుతూ వెళ్తే అయిదారు గంటలు పడుతుంది కాబట్టి ముందురోజే హ్యూస్టన్ వైపు వెళ్లి పడుకోవడం మంచిది.

రేవుల్లో దిగి తిరగడం మీద ఆశ తగ్గించుకోండి. కోజుమెల్‌లో పడవెక్కి అవతలి గట్టుకు వెళ్లి, అక్కడి నుంచి బస్సులో తులుం శిథిలాలు చూసి రావడం ఈ వయసు పిల్లలతో వద్దు. ఎండలో నడక, తిరుగు ప్రయాణంలో నిద్ర చెడిన బాబు. రేవుకు దగ్గర్లో నీడ, ఇసుక ఉన్న బీచ్ చాలు. కోస్టా మాయాలో అయితే రేవులోనే పూల్ ఉంది. జనం దిగిపోయాక ఓడంతా ఖాళీ, స్ప్లాష్ జోన్ మీ పిల్లలదే. మేం ఒక రేవులో దిగనే లేదు, మాకు అదే మంచి రోజు. దిగితే మాత్రం ఫోన్ చూపించే టైమ్ నమ్మకండి. కోజుమెల్ ఉన్న రాష్ట్రం ఏడాది పొడవునా గడియారం మార్చదు, చలికాలంలో మన టెక్సస్ కంటే గంట ముందుంటుంది. ఓడలో గోడ మీద ఉన్న టైమ్ చూసి, మామూలు చేతి గడియారం పెట్టుకోండి.

ఖర్చు లెక్కేసేటప్పుడు ‘కిడ్స్ సెయిల్ ఫ్రీ’ అన్న మాటను పూర్తిగా పట్టుకోవద్దు. పోర్టు పన్నులు పిల్లలకూ పడతాయి. రోజువారీ టిప్పు మనిషికి 16 నుంచి 20 డాలర్ల దాకా ఉంటుంది, కొన్ని కంపెనీల్లో చంటిపిల్లలకూ అంతే. అలాగే సముద్రంలోకి వెళ్లగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించండి, ముఖ్యంగా మామయ్యగారి ఫోన్. ఓడ మీది సెల్ సిగ్నల్ పట్టుకుంటే బిల్లు మోత మోగిపోతుంది.

ఎక్కిన రోజు పెద్ద పెట్టెలు గదికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. దిగే ముందురోజు రాత్రి పదకొండులోపు వాటిని గది బయట పెట్టేయాలి. కాబట్టి ఆ రెండు పూటలకు చేతి సంచీలో డైపర్లు, పాలసీసా, మందులు, ఇద్దరికీ రెండేసి జతల బట్టలు, ఈత బట్టలు విడిగా ఉంచండి. పెట్టెలను మీరే లాక్కుని దిగే పద్ధతి కూడా ఉంది గానీ, ఒక చేతిలో బాబు, ఇంకో చేతిలో పాపతో దాని జోలికి వెళ్లకండి. మడిచే చిన్న స్ట్రోలర్ ఒకటి చాలు, పెద్దది గది తలుపులో పట్టదు. ఓడ పేరు, తేదీ ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, గదుల మ్యాప్ చూసి ఏ అంతస్తు బాగుంటుందో చెప్తాను.