సబ్‌స్ట్రేట్ పెంచుతూ పోతే ఎంజైమ్ చర్య వేగం ఎందుకు పెరగదు?

ఎంజైమ్ మోతాదు మార్చకుండా సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ ఏ పదార్థం మీద పనిచేస్తుందో అది) గాఢత పెంచితే వేగం మొదట దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, తర్వాత మెల్లమెల్లగా పెరుగుతూ ఒక గరిష్ఠ వేగానికి దగ్గరై అక్కడే నిలుస్తుంది.

సబ్‌స్ట్రేట్ వచ్చి కూర్చునే చోటు, అంటే క్రియాశీల స్థానం, ఎంజైమ్‌లో పరిమితమే. మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ను ఊహించుకోండి. కాంటాలు ఖాళీగా ఉంటే బస్తాలు వచ్చినవి వచ్చినట్టే తూకమవుతాయి. కాంటాలన్నీ నిండాక, గేటు బయటిదాకా ట్రాక్టర్లు బారులు తీరినా గంటకు తూగేవి అన్నే.

లెక్కలో చూద్దాం. గరిష్ఠ వేగం 100, కేఎం (వేగం గరిష్ఠంలో సగమయ్యే సబ్‌స్ట్రేట్ గాఢత) 2 మిల్లీమోలార్ అనుకుంటే, గాఢత 2 దగ్గర వేగం 50. గాఢత 4 చేస్తే వేగం 100 కాదు, సుమారు 67. 90 రావాలంటే గాఢత 18 కావాలి! ఈ లెక్కలు 1913లో శాస్త్రవేత్తలు మైకేలిస్, మెంటెన్ ఇచ్చిన సమీకరణంతో వచ్చినవే. వాళ్లు పరీక్షించింది చక్కెరను విడగొట్టే ఇన్వర్టేజ్‌ను.

వేగం పెరగడం ఆగితే ఎంజైమ్ ఖర్చయిపోయిందని చాలామంది అనుకుంటారు. అది ఖర్చు కాదు. పని ముగించి మళ్లీ ఖాళీ అవుతుంది, కాకపోతే వెంటనే ఇంకో అణువు వచ్చి కూర్చుంటుంది. ఎంజైమ్‌ను రెట్టింపు చేస్తే గరిష్ఠ వేగమూ రెట్టింపవుతుంది, కేఎం మాత్రం మారదు.