సింకు కింది తలుపులకు అంచు టేపు లేచిపోతోందా: సమాధానం

ముసురు పట్టగానే సింకు కింది ప్లైవుడ్ తలుపులకు పీవీసీ టేపు లేస్తోందన్నారు. గమ్ము నాసిరకం అయ్యుండదు. ప్లైవుడ్ అంచు మొదటి పూతను పీల్చేసుకుంటుంది, టేపు పట్టుకోవడానికి పైన ఏమీ మిగలదు. అంచుకు రెండు పూతలు పడాలి. చాలామంది వదిలేసేది ఇదే.

1. పాత గమ్ము గీకేసి, 120 నంబరు ఎమెరీ పేపరుతో రుద్ది, బ్రష్షుతో దుమ్ము దులపండి. పొరల మధ్య సందులుంటే రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి పూడ్చండి.
2. అంచుకు రబ్బరు గమ్ము పలచగా పూసి అరగంట ఆగండి. వెలిగే స్టవ్ దగ్గర వద్దు, భగ్గుమంటుంది.
3. అంచుకు రెండో పూత, టేపు వెనక ఒక పూత. వేలు ఆనిస్తే అంటుకోకూడదు, అప్పుడే అతికించాలి. తడి మీద నొక్కితే బుడగలు వస్తాయి.
4. 18 ఎంఎం ప్లైకి 22 ఎంఎం టేపు. ముందు పైనా కిందా, తర్వాత నిలువు పక్కలు. చెక్కముక్కతో గట్టిగా రుద్దండి. మిగులు మర్నాడు కోయండి.

వాన రోజు ఈ పని పెట్టుకోవద్దు. గమ్ము ఆరేటప్పుడు చల్లబడి పైన చెమ్మ పడుతుంది, పట్టు పోతుంది. మన కోనసీమ గాలికి ఎండెక్కాక చేయడమే మేలు.

తలుపు అడుగు అంచుకు టేపు వేశారా? కనపడదు కదా అని వదిలేస్తారు. సింకు నీళ్లు జారి నిలిచేది అక్కడే.