పై స్వరం వస్తోందంటేనే గొంతు బిగుసుకుపోతోంది!

ప్రశ్న: నా వయసు 27. తొమ్మిదేళ్లుగా ట్రంపెట్ వాయిస్తున్నాను. ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడు హై సి (పై స్థాయిలోని ‘సి’ స్వరం) చక్కగానే పలుకుతుంది. స్టేజీ మీద మాత్రం ఆ స్వరం ఇంకా నాలుగు బార్ల (తాళం ఆవర్తాల) దూరంలో ఉండగానే నోరు పిడచకట్టుకుపోతుంది, గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఉంటుంది. తీరా ఊదితే స్వరం పగిలిపోతుంది. ఆరు నెలల కింద ఒక కార్యక్రమంలో అందరి ముందూ ఇలా జరిగినప్పటి నుంచి మరీ ఎక్కువైంది. ఇది మానసిక సమస్యేనా? ప్రోగ్రాంకి ముందు వేసుకుంటే టెన్షన్ తగ్గే మాత్ర ఉందని ఒక మిత్రుడు చెబుతున్నాడు. వాడొచ్చా?

జవాబు: ఇంట్లో పలికే స్వరం స్టేజీ మీద పలకడం లేదంటే మీ పెదవులకు, ఊపిరికి ఆ సత్తా ఉన్నట్టే. ముందు ఆ ధైర్యం తెచ్చుకోండి. మొదలయ్యేది భయంతోనే అయినా, తర్వాత జరిగేదంతా శరీరంలోనే. కాబట్టి ‘నాకే గుండె ధైర్యం లేదు’ అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

హై సి వాయించేటప్పుడు మామూలు బి ఫ్లాట్ ట్రంపెట్‌లో పెదవులు సెకనుకు సుమారు 930 సార్లు కంపించాలి. ఒక స్థాయి కింద ఉన్న సి కి అందులో సగం చాలు. అంత వేగంగా కంపించాలంటే పెదవుల మధ్య సందు సన్నబడాలి, నోట్లో గాలి ఒత్తిడి పెరగాలి. గాలికి దారి తెరుచుకుని ఉండాలి. భయం సరిగ్గా ఆ దారినే మూసేస్తుంది. అడ్రినలిన్ పెరిగి గుండె దడదడలాడుతుంది, లాలాజలం తగ్గుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. దానికితోడు, పెద్ద బరువు ఎత్తేటప్పుడు చేసినట్టే పొట్ట బిగించి, స్వరపేటిక మూసి ఊపిరి బిగబడతాం. గాలి లోపలే ఆగిపోతుంది. ఆ లోటు తీర్చడానికి చెయ్యి మౌత్‌పీస్‌ను పెదవులకేసి నొక్కుతుంది. నొక్కుకుపోయిన పెదవికి రక్తం సరిగా అందదు, కంపించలేదు. స్వరం పగులుతుంది, భయం రెట్టింపవుతుంది.

మీలాంటి సమస్యతోనే వచ్చిన ఒకాయనను నా ముందే వాయించమన్నాను. ఇంకా శబ్దం రాకముందే భుజాలు చెవుల దాకా లేచాయి, గడ్డం పైకెత్తారు, మెడలో నరాలు తేలాయి. ‘పై స్వరం’ అన్న మాటే ఆయన్ను పైకి లాగేస్తోంది! నిజానికి ట్రంపెట్‌లో పైన ఏమీ లేదు. ఏ స్వరమైనా పలికేది అవే పెదవుల మధ్య. ఆ స్వరాన్ని ముందు కూనిరాగంలా పాడి, తర్వాత వీలైనంత మెల్లగా ఊదమన్నాను. సన్నగానే వచ్చింది, కానీ పగల్లేదు.

పాడమనడానికి కారణం ఉంది. వేళ్లతో నొక్కే వాల్వుల్లో ఒక్కటీ నొక్కకుండానే ట్రంపెట్ సి, జి, ఆపై సి, ఇ, జి, ఇంకా పైన హై సి పలుకుతుంది. పైకి వెళ్లేకొద్దీ ఈ మెట్లు దగ్గరదగ్గరగా వస్తాయి. ఏ మెట్టు మీద ఆగాలో వేళ్లు చెప్పవు. మనసులో వినిపించే స్వరాన్ని బట్టే పెదవులు సర్దుకుంటాయి. ‘పగులుతుందేమో’ అనుకుంటూ ఊదితే పెదవులకు అందే కబురు కూడా అదే. షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో 1944 నుంచి 1988 దాకా ట్యూబా అనే పెద్ద ఊదు వాద్యం వాయించిన ఆర్నాల్డ్ జేకబ్స్ తన శిష్యులకు నేర్పిన దాని సారం కూడా పాట, గాలి, ఈ రెండే. కాబట్టి రోజూ ఆ స్వరం వచ్చే సంగీత భాగాన్ని ముందు పాడండి. మీ గొంతుకు అందకపోతే ఒకటి రెండు స్థాయిలు కిందనైనా సరే. పై స్వరం దగ్గర ఆగిపోకుండా, దాని తర్వాత వచ్చే స్వరం దాకా పాడండి.

ఇక ఊపిరి. పీల్చడానికీ ఊదడానికీ మధ్య క్షణం సేపు ఆగుతారు చూడండి, గొంతు బిగుసుకునేది అక్కడే. ముందు కొంచెం విరామం దొరికితే ఊపిరి పూర్తిగా వదిలేయండి. తర్వాత నిండుగా పీల్చి, ఆపకుండా అదే ఊపులో ఊదండి.

భయం పూర్తిగా పోయాక స్టేజీ ఎక్కుదామనుకుంటే ఆ రోజు రాదు. గుండె దడతోనే వాయించడం అలవాటు చేసుకోవాలి. రెండు మూడు అంతస్తుల మెట్లు గబగబా ఎక్కి వచ్చి, ఆయాసం కాస్త తగ్గి గుండె ఇంకా కొట్టుకుంటుండగానే ఆ భాగం వాయించండి. మరో రోజు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ఇంకో రోజు ఇద్దరు స్నేహితుల ముందు. పగిలినా ఆగకుండా చివరిదాకా వెళ్లండి. దడ ఉన్నా స్వరం వస్తుందని శరీరానికి నాలుగుసార్లు తెలిస్తే, స్టేజీ మీద ఆ దడ ఇంత బెదిరించదు. అలాగని గంటల తరబడి హై సి మీదే పడకండి. ఎంతసేపు వాయిస్తే అంతసేపు పెదవులకు విశ్రాంతి కూడా ఇవ్వాలి.

అన్నిటినీ భయం ఖాతాలో వేయడం కూడా పొరపాటే. ఇంట్లో కూడా స్వరాలు జారిపోతున్నా, నొప్పి లేకుండా పెదవి దానంతటదే వణికినా, పక్కకు లాగినా అది కండరాలు మన అదుపు తప్పే డిస్టోనియా కావచ్చు, న్యూరాలజిస్టుకు చూపించాలి. పెదవిలో నొప్పి, తిమ్మిరి, గుంట పడినట్టు ఉంటే నోటి చుట్టూ ఉండే కండరం చిరిగిందేమో పరీక్షించాలి. ప్రసిద్ధ ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరుతో దీన్ని ‘సాచ్‌మో సిండ్రోమ్’ అంటారు. గ్లకోమా (నీటికాసులు) ఉన్నవారు ట్రంపెట్ వాయిస్తున్న సంగతి కంటి డాక్టర్‌కు తప్పక చెప్పాలి, గట్టిగా ఊదేటప్పుడు కంట్లో ఒత్తిడి పెరుగుతుంది.

మీ మిత్రుడు చెప్పింది బహుశా ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్ అయివుంటుంది. అది దడనూ వణుకునూ తగ్గిస్తుంది, మనసులోని ఆలోచనను మార్చదు. ఆస్తమా ఉన్నవారికి ప్రమాదకరం. నాడి నెమ్మదిగా కొట్టుకునేవారికీ, బీపీ తక్కువగా ఉండేవారికీ పనికిరాదు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారిలో షుగర్ పడిపోయినప్పుడు వచ్చే హెచ్చరికలను కప్పేస్తుంది. మిత్రుడి దగ్గర తీసుకుని మాత్రం వేసుకోకండి. డాక్టర్ పరీక్షించి రాసిస్తే, మొదటిసారి ప్రోగ్రాం లేని రోజున వేసుకుని చూడండి. రెండు మూడు నెలలు ప్రయత్నించినా ప్రోగ్రాంలు ఒప్పుకోవడానికే జంకుతున్నా, ముందు రాత్రులు నిద్ర పట్టకపోయినా సైకాలజిస్టును కలవండి. ఇలాంటి భయానికి, ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ బాగా ఉపయోగపడుతుంది. వెళ్లేటప్పుడు ట్రంపెట్ కూడా వెంట తీసుకెళ్లండి.