2 ఆంపియర్ల స్విచ్‌లో 3 పంపితే ఏమవుతుంది?

ప్రశ్న: సార్, చెన్నై అంబత్తూరులో మాదో చిన్న యూనిట్. 5 వోల్టుల బోర్డులో లోడ్ స్విచ్ (లోడ్‌కి కరెంట్‌ని ఆన్, ఆఫ్ చేసే చిప్) వాడాం. డేటాషీట్‌లో గరిష్ఠ కరెంట్ 2 ఆంపియర్లు, ఆన్ రెసిస్టెన్స్ 50 మిల్లీ ఓములు, థర్మల్ రెసిస్టెన్స్ వాట్‌కి 180 డిగ్రీలు. లెక్క వేస్తే 3 ఆంపియర్లకీ చిప్ 106 డిగ్రీలే వస్తోంది, 125 దాకా ఓకే కదా. బల్ల మీద బాగానే నడిచింది, పెట్టెలో బిగించాక మాత్రం మధ్యాహ్నం ఆగిపోయి, కాసేపటికి దానంతటదే వస్తోంది. అసలు ఆ 2 ఎలా తేల్చారు?
– ఒక పాఠకుడు

జవాబు: మీ లెక్కలో గుణకారం తప్పు లేదండీ, పెట్టుకున్న అంకెలే తప్పు. 3 × 3 × 0.05 అంటే 0.45 వాట్లు, దాన్ని 180తో హెచ్చిస్తే 81, దానికి గది వేడి 25 కలిపారు. అంబత్తూరులో మే నెలలో, అదీ మూసిన పెట్టెలో, 25 ఎక్కడిది? 60 అనుకోండి. పైగా స్విచ్ లోపలి మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ కూడా పెరుగుతుంది, 50 మిల్లీ ఓములు కాస్తా సుమారు 65 అవుతుంది, దాంతో ఇంకా వేడి. మళ్లీ లెక్కేస్తే 165 డిగ్రీలు తేలుతుంది. అంతకు ముందో ఆ దరిదాపుల్లోనో థర్మల్ షట్‌డౌన్ పనిచేసి స్విచ్ ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ ఆన్ చేస్తుంది. మీకు జరుగుతున్నది ఇదే. అదే 2 ఆంపియర్లయితే ఇదే పెట్టెలో 107 దగ్గర ఆగుతుంది.

ఆ 180 కూడా మీ బోర్డుది కాదు. సాధారణంగా జెడెక్ (చిప్ పరిశ్రమకు ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం ప్రకారం చేసిన టెస్ట్ బోర్డు మీద తేల్చిన అంకె అది. సన్నటి ట్రాక్‌లున్న రెండు పొరల బోర్డులో ఇంకా ఎక్కువే ఉంటుంది.

వేడి ఒక్కటే అయితే ఫ్యాన్ పెట్టి గట్టెక్కొచ్చు. కానీ చిప్ లోపలి సన్నటి లోహపు తీగల్లో ఎక్కువ కరెంట్ ఏళ్ల తరబడి పారితే లోహపు పరమాణువులు మెల్లగా జరిగిపోయి ఒకచోట ఖాళీలు పడతాయి, దీన్నే ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. అందుకని జంక్షన్ (చిప్ లోపల వేడి పుట్టే చోటు) ఎంత వేడిలో, ఎన్నేళ్లు నడవాలో ముందే అనుకుని తీగలకు ఒక హద్దు పెడతారు. వేడి హద్దు, తీగల హద్దు, చిప్‌ని పిన్నులకు కలిపే బాండ్ వైర్ల హద్దు, వీటిలో ఏది తక్కువైతే అదే రేటింగ్. పక్కన పల్స్ కరెంట్ అని ఇంకో పెద్ద అంకె కనిపిస్తే ఆశపడకండి, అది మైక్రోసెకన్ల ముచ్చట, డ్యూటీ (మొత్తం సమయంలో ఎంత వంతు ఆన్‌లో ఉండాలో) ఎంతో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అనుమానముంటే మీ లోడ్‌తోనే, స్విచ్ ట్రిప్ కాకముందు, ఇన్‌పుట్ అవుట్‌పుట్ పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు 150 మిల్లీవోల్టులున్న వోల్టేజ్ డ్రాప్ పెట్టెలో 190 దాటుతుంటే చిప్ బాగా కాలుతున్నట్టే. గ్రౌండ్ చుట్టూ రాగి పెంచితే కొంత దిగుతుంది గానీ, నా మాట వింటే 4 ఆంపియర్ల రేటింగుతో 15 మిల్లీ ఓముల స్విచ్‌కి మారండి, 3 ఆంపియర్ల దగ్గర 0.135 వాట్లే ఖర్చు.