సందేహాలు – సమాధానాలు: కప్పను కనిపెట్టారా, కనుగొన్నారా?

సందేహం: "కొత్త కప్పను కనిపెట్టిన శాస్త్రవేత్తలు" అని ఒక శీర్షిక చదివాను. టెలిఫోన్‌ను కనిపెడతారు గానీ కప్పను కనిపెట్టడమేమిటి? కనుగొన్నారు అనాలి కదా. ఇంకోచోట అదే కప్పను "ఆవిష్కరించారు" కూడా. మా అబ్బాయేమో, ఫోన్‌లో భూమంతా కనబడుతుంటే కనుగొనడానికి ఇంకేం మిగిలింది, ఈ మాటలతో ఇక పనేముంది అంటున్నాడు. ఏది ఒప్పు? మరొకటి: మా అమ్మ వెతకడాన్ని "దేవులాడుడు" అంటుంది. రాతలో వాడవచ్చా?
– ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్

సమాధానం: "కనిపెట్టు" మీద మీకున్న కోపం బడిలో పుట్టింది. డిస్కవరీ అయితే కనుగొనడం, ఇన్వెన్షన్ అయితే కనిపెట్టడం అని సామాన్యశాస్త్రం పుస్తకాలు గీత గీశాయి. పరీక్షలో మార్కులకు ఆ గీత పనికొస్తుంది. ఇళ్లలో మాత్రం దాన్ని ఎవరూ లెక్కచేయలేదు. "పొయ్యి మీద పాలున్నాయి, కాస్త కనిపెట్టుకొని ఉండు" అంటే పాలను ఇన్వెంట్ చేయమని కాదు కదా. కన్ను తిప్పకుండా కాచుకోవడం, కాచుకొని పసిగట్టడం, ఇదీ ఆ మాట అసలు పని. "వాడి ఎత్తు కనిపెట్టాను" అన్నా అదే.

ఆ లెక్కన కప్పకు "కనిపెట్టు" బాగానే అతుకుతుంది. 2017లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.డి. బిజు బృందం పశ్చిమ కనుమల నుంచి ఏడు రాత్రికప్పల జాతులను ప్రకటించింది. వాటిలో నాలుగు 12 నుంచి 16 మిల్లీమీటర్లే. బొటనవేలి గోటి మీద పట్టేంత. తడి ఆకుల కిందా, గడ్డి మొదళ్లలోనూ ఉంటాయి. కంటికి దొరకవు, కూతను పట్టుకొని పోవాలి. ఆ కూత కూడా పురుగు చప్పుడులా ఉంటుంది. దొరికినా, ఏదో పెద్ద జాతి పిల్లకప్ప అనుకొని వదిలేసే ప్రమాదం ఉంది. అందుకే కూత రికార్డు చేస్తారు, కొలతలు తీస్తారు, డీఎన్ఏ చూస్తారు, మ్యూజియంలో భద్రపరచిన పాత నమూనాలతో పోలుస్తారు. ఇంతా అయ్యాకే పేరు. కాచుకోనివాడికి ఆ కప్ప దొరకదు.

నన్నడిగితే ఆ శీర్షికలో తప్పు క్రియలో లేదు, విశేషణంలో ఉంది. కప్ప కొత్తదేం కాదు. మనుషులు పుట్టకముందు నుంచీ దాని వంశం అక్కడే ఉంది. "కప్పను కొత్తగా గుర్తించారు" అని "కొత్త"ను క్రియకు తగిలిస్తే పేచీ తీరిపోయేది. మన పాత్రికేయులు క్రియ కోసం నిఘంటువులు తిరగేసి, విశేషణాన్ని ఎక్కడ పడితే అక్కడ పారేస్తారు.

ఇక "ఆవిష్కరించు". ఆవిస్ అంటే బయటికి, బాహాటంగా. ఉన్నదాన్ని బయటపెట్టడమే ఆవిష్కరణ. పుస్తకానికీ, విగ్రహానికీ, జెండాకూ ఆ మాట అతికింది అందుకే. విగ్రహం ముందే ఉంది, మంత్రిగారు తెర లాగారు. మరి లేని యంత్రాన్ని చేయడానికి ఈ మాటను ఎవరు కేటాయించారో గానీ, వ్యుత్పత్తి చూస్తే తలకిందులు వ్యవహారం. ఇప్పుడు మాదాపూర్‌లో ఏ మేడ ఎక్కినా ఆవిష్కరణలే. స్థిరపడిపోయింది, పీకేయలేం. కప్పకు మాత్రం నేను రాయను. దానికి తెర లాగే సభ ఎక్కడా జరగలేదు.

"కనుగొను" సంగతి ఇంకొంచెం విచిత్రం. పాత కావ్యాల్లో కనుఁగొను అంటే ఉత్త "చూచు". రాజు వనాన్ని కనుఁగొనెను అంటే చూశాడని, అంతే. ("కను"కు ప్రసవించు అన్న అర్థం కూడా ఉంది. ఇన్వెన్షన్‌కు దగ్గరి మాట నిజానికి అది.) కాబట్టి 1492లో కొలంబస్ అమెరికాను కనుగొన్నాడన్న పాఠం మీద నేడు ఎంత తగువున్నా, పోతన తెలుగులో అందులో అబద్ధం లేదు. ఆయన చూశాడు. అక్కడివాళ్లు ఆయనను చూశారు. వియత్నాంలో సన్ డూంగ్ అనే మహాగుహ ఉంది. దాని నోటిని 1990 ప్రాంతంలో చూసినవాడు హో ఖాన్ అనే స్థానికుడు, అడవిలో తిరిగి బతికేవాడు. దారి మరిచిపోయి, 2008లో మళ్లీ పట్టుకొని, మరుసటి ఏడు బ్రిటిష్ గుహశోధకులను వెంటబెట్టుకొని వెళ్లాడు. కొలిచినవాళ్లు వాళ్లు, కన్నవాడు ఇతడు. మన బెలుం గుహలను రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భశాస్త్రవేత్త 1884లో నమోదు చేశాడు. 1982–83లో గెబౌర్ అనే జర్మనీ గుహశోధకుడు తన బృందంతో దిగి కొలిచాడు. 3,229 మీటర్లు తేలింది. వాళ్లందరికంటే ముందే అక్కడ బౌద్ధ భిక్షువులు కాపురమున్నారు. ఇలాంటిచోట "కనుగొన్నాడు" అని కర్తను ఒక్కడినే నిలబెట్టకండి. కొలిచాడు, నమోదు చేశాడు, పటం గీశాడు అని రాయడానికి తెలుగులో మాటలకు కరువు లేదు.

అన్వేషణ, గవేషణ అనే సంస్కృతపు మాటలున్నాయి. మొదటిది వెంట పడి పోవడం, రెండోది పుట్టుకలో ఆవులను వెతకడం. వీటిని వ్యాసకర్తలు బాగానే అరగదీశారు. వెతకడమంటే ఏమిటో నాకు నేర్పిన పద్యం మాత్రం మన బమ్మెరవాడిది. భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు మాయమయ్యాక గోపికలు చెట్టూ చేమనూ అడుగుతారు:

నల్లనివాఁడు పద్మనయనంబులవాఁడు కృపారసంబు పైఁ
జల్లెడువాఁడు మౌళిపరిసర్పితపింఛమువాఁడు నవ్వు రా
జిల్లెడు మోమువాఁ డొకఁడు చెల్వల మానధనంబుఁ దెచ్చె నో
మల్లియలార! మీ పొదలమాటున లేఁడుగదమ్మ! చెప్పరే!

అందరికీ నోటికి వచ్చిన పద్యమే. భక్తి, మాధుర్యం అని పొగిడి దాటిపోతారు. దాని అల్లిక చూడండి. సంస్కృత మూలంలో గోపికలు మాలతినీ మల్లికనూ అడిగే శ్లోకం "మీకు కనిపించాడా" అనే మొదలవుతుంది. పోతన అలా అడగడు. ముందు ఆనవాళ్లు ఇస్తాడు: ఒంటి రంగు, కళ్లు, తలమీద పింఛం, నవ్వుమొహం. దూరం నుంచి కనిపించేది ముందు, దగ్గరికి పోతేగాని తెలియనిది తర్వాత. పేరు చెప్పడు. "ఒకఁడు" అంటాడు, ఎందుకంటే పొదకు పేరుతో పని లేదు, గుర్తులతోనే పని. ఆ తర్వాత నేరం, అంటే ఎందుకు వెతుకుతున్నామో. చివరికి చోటు: పొదల మాటు. అడగడం ఎవరిని? అక్కడే వేళ్లూనుకొని ఉన్నవాళ్లను. "లేఁడుగదమ్మ" అన్నది ఉన్నాడనే ఆశతో లేడని అడిగే మన ఇళ్లలోని పద్ధతి. రంగు, గుర్తు, కారణం, చోటు, స్థానికులు. నాలుగు పాదాల్లో ఇంతకు మించిన అన్వేషణ పత్రం నేను చదవలేదు.

ఇది కవిత్వం కదా అనకండి. కలివికోడి కథ అచ్చం ఇదే. జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1848లో లోకానికి చెప్పిన ఈ పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందని లెక్కకట్టేశారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతపు ముళ్లపొదల్లో మళ్లీ దొరికింది. వెతకవచ్చిన బొంబాయి సహజచరిత్ర సంఘంవాళ్లు ఊరివాళ్లకు ఆనవాళ్లు చెప్పి అడిగారు: మట్టి రంగుది, రొమ్ము మీద రెండు పట్టీలది, కంటి పైన తెల్లగీతది, ఎగరడంకన్నా పరుగెత్తేది. పట్టి తెచ్చింది స్థానిక వేటగాడు. కలివిపొదల్లో తిరిగే కోడి అని అక్కడివాళ్లు పేరు కూడా పెట్టుకొని ఉన్నారు! "పొదలమాటున" అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఆ తర్వాతి పరిశోధకులు పొదల నడుమ సన్నమట్టి పట్టీలుగా పరచి, పొద్దున్నే పాదముద్రలు చూసేవారు. మూడువేళ్ల ముద్రే గుర్తు. ఇతర నేలపిట్టల ముద్రలతో పొరబడకుండా కొలవాలి. వాన పడితే అంతా మళ్లీ మొదలు. ఈ పనికి తెలుగులో "జాడ తీయడం" అనే చక్కని మాట ఉండగా "ట్రాకింగ్ నిర్వహించారు" అని రాసే చేతులను ఏమనాలి?

మీ అబ్బాయి ప్రశ్నకు వస్తాను. ఫోన్‌లో కనబడేది భూమి పైతోలు. నీళ్ల కింది భాగం అందులో నీలిరంగు పూత. ఉపగ్రహం కాంతి గానీ రాడార్ గానీ సముద్రం అడుక్కి దిగవు. నీటి కింద కొండ ఉంటే దాని ఆకర్షణకు పైనున్న నీరు కొద్దిగా ఉబ్బుతుంది, ఆ ఉబ్బును కొలిచి కింద కొండ ఉందని ఊహిస్తారు. పెద్ద కొండలే తెలుస్తాయి. చిన్నవి తెలియాలంటే ఓడ మీద నుంచి శబ్దాన్ని దించి ప్రతిధ్వనిని పట్టాలి. ఓడ మెల్లగా, వరస తప్పకుండా దున్నినట్టు తిరగాలి. ఇలా కొలిచింది సముద్రగర్భంలో నాలుగో వంతుకు కాస్త పైన, అంతే. 2005 జనవరిలో అమెరికా జలాంతర్గామి శాన్ ఫ్రాన్సిస్కో గ్వామ్ దీవికి ఆగ్నేయంగా ఒక నీటికొండను గుద్దుకుంది. వాళ్లు వాడుతున్న పటంలో ఆ కొండ లేదు. నేలలోకి దిగితే మరీ అన్యాయం: రష్యాలో పరిశోధన కోసం తవ్విన కోలా బోరు 12,262 మీటర్ల దగ్గర ఆగింది, భూకేంద్రం 6,371 కిలోమీటర్ల కింద ఉంది. జీవజాతులు సుమారు 87 లక్షలు ఉండవచ్చని 2011లో ఒక అంచనా వచ్చింది. అప్పటికి పట్టికకెక్కినవి 12 లక్షల పైచిలుకు. అబ్బాయిని తార్నాక నుంచి నడిచి పోయేంత దూరంలో ఉన్న భూభౌతిక పరిశోధనాలయం గేటు దాకా తీసుకుపోండి. కనుగొనడానికేమీ లేకపోతే అంతమంది అక్కడ జీతాలు తీసుకోరు.

మొత్తానికి: కప్పకు "గుర్తించారు" మేలు, "కనుగొన్నారు" సరే, "కనిపెట్టారు" నేను కొట్టేయను. "ఆవిష్కరించారు" అంటే మీ ఇష్టం, నా కలం నుంచి మాత్రం రాదు. రేపు వాడుక మారితే నా మాట చెల్లకపోవచ్చు.

మీ అమ్మగారి "దేవులాడుడు" నిక్షేపంలాంటి తెలంగాణ మాట. మూకుడులోంచి గారెలను దేవి తీయడం అంటాం చూడండి, ఆ "దేవు"తో దీనికి చుట్టరికం ఉందని నా ఊహ. రుజువు చూపలేను. అయినా 1872–76 మధ్య చాలెంజర్ అనే బ్రిటిష్ పరిశోధక ఓడ తాళ్లకు వలసంచులు కట్టి సముద్రపు అడుగును గోకి, నాలుగువేలకు పైగా కొత్తగా గుర్తించిన జీవజాతులను పైకి లాగింది. ఆ పనికి "దేవులాడారు" కంటే దగ్గరి క్రియ నాకు తట్టడం లేదు. రాతలో నిస్సంకోచంగా వాడండి. కరీంనగర్ వైపు "లెంకు" అంటారు, అదీ వాడండి. "దేవలాడు" అని మాత్రం రాయకండి, వకారానికి ఉకారం ఉంది.